నత్రజని తగ్గితే ఈస్ట్ నెమ్మదిస్తుందా, ఆగిపోతుందా?

గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు పంచదార కలిపి, కాస్త డ్రై ఈస్ట్ చల్లి పది నిమిషాలు పక్కన పెడితే పైన నురగ కట్టి పొంగుతుంది, చూసినవాళ్ళంతా ఈస్ట్ పెరిగిందనే అంటారు. కానీ ఆ పది నిమిషాల్లో ఈస్ట్ ఏమీ పెరగలేదు. ప్యాకెట్‌లోంచి వచ్చిన కణాలే మేలుకుని పంచదార తిని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. అదే గిన్నెను రోజంతా అలాగే ఉంచినా కణాల సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగదు, ఎందుకంటే పంచదారలో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. కొత్త కణం కట్టాలంటే నత్రజని కావాలి, అది ఆ గిన్నెలో లేదు.

పొంగడం వేరు, పెరగడం వేరు. ఈ తేడా మనసులో పెట్టుకోకుండా నత్రజని గురించి ఏం చదివినా గందరగోళమే మిగులుతుంది.

ఈస్ట్‌ను పూర్తిగా ఆరబెట్టి తూస్తే, ఆ పొడి బరువులో దాదాపు సగం కార్బన్, 7 నుంచి 10 శాతం నత్రజని ఉంటాయి. పది శాతం లోపే కదా అనిపిస్తుంది గానీ కణంలో పని చేసే భాగమంతా ఆ కొంచెంలోనే ఉంది. పొడి బరువులో 40 నుంచి 50 శాతం ఉండే ప్రొటీన్లు, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ఇవన్నీ నత్రజని లేకపోతే తయారు కావు. చుట్టూ గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా ఈస్ట్‌కి దానితో ఏ ఉపయోగమూ లేదు, గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైమ్ బ్యాక్టీరియా లాంటి కొన్ని రకాల సూక్ష్మజీవులకే ఉంది. రొట్టెకీ బీరుకీ వైన్‌కీ వాడే మామూలు ఈస్ట్, అంటే శాకరోమైసెస్ సెరెవిసియే, నైట్రేట్‌ను కూడా వాడుకోలేదు. దానికి కావాల్సింది అమోనియా, యూరియా, ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు, ఇంకా అలాంటి మరికొన్ని.

ఈస్ట్‌కి అమోనియా చాలునన్న సంగతి మొదట గట్టిగా చూపించినది లూయీ పాశ్చర్. 1860లో ప్రచురించిన పత్రంలో ఆయన చేసిన ప్రయోగం ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. శుద్ధమైన కలకండ నీళ్ళు, అందులో అమోనియం టార్ట్రేట్ అనే లవణం కొంచెం, ఈస్ట్‌ను కాల్చగా మిగిలిన బూడిద, ఇక విత్తనంగా గుండుసూది తలంత తాజా ఈస్ట్. ప్రొటీన్ అన్నది బయటి నుంచి ఏమీ వేయలేదు. అయినా ద్రావణం పులిసింది, ఈస్ట్ పెరిగింది. అమోనియా నుంచే కణం తన ప్రొటీన్లన్నీ తానే తయారు చేసుకుందన్నమాట. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దీన్ని ఒప్పుకోలేదు, తాను చేసి చూస్తే రాలేదని పదేళ్ళ తర్వాత రాశారు. ఎవరి ముందైనా సరే, ఎంత కావాలంటే అంత ఈస్ట్ ఇలా పెంచి చూపిస్తానని పాశ్చర్ సవాలు విసిరారు. మొక్కలకు ఏ పోషకం అన్నిటికన్నా తక్కువగా ఉంటే పెరుగుదల దాని దగ్గరే ఆగుతుందనే సూత్రాన్ని లోకంలో ప్రచారం చేసింది ఈ లీబిగే. ఆ సూత్రం ఈస్ట్‌కీ అక్షరాలా వర్తిస్తుంది.

ఇక అసలు ప్రశ్న. నత్రజని ఎక్కువైతే ఈస్ట్ వేగంగా పెరుగుతుందా? చాలాచోట్ల అవుననే రాస్తారు. ఆ జవాబులో సగమే నిజం, ఎందుకంటే ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకటి, ఒక్కో కణం ఎంత సేపటికి రెండవుతోంది అన్నది, పెరుగుదల వేగం అంటే ఇదే. రెండు, చివరికి మొత్తం ఎంత ఈస్ట్ తయారైంది అన్నది, దీన్ని దిగుబడి అనుకోవచ్చు. నత్రజని పరిమాణం ప్రధానంగా నిర్ణయించేది రెండోదాన్ని. మొదటిదాన్ని నిర్ణయించేది ఎక్కువగా నత్రజని రూపం, అంటే అది అమోనియానా, లేక గ్లుటమిన్, ప్రొలీన్ లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటా అన్నది.

పరిమాణం సంగతి ముందు చూద్దాం. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మొనో 1940లలో బ్యాక్టీరియాను పెంచుతూ, ఒక పోషకం గాఢతకీ పెరుగుదల వేగానికీ ఉన్న సంబంధాన్ని ఒక చిన్న సమీకరణంలో పెట్టారు. గాఢత సున్నా నుంచి పెరుగుతుంటే వేగం మొదట్లో నిటారుగా లేస్తుంది, తర్వాత వంగుతుంది, ఒక స్థాయి దాటాక ఎంత పోసినా కదలదు. ఆ వంపు ఎక్కడ వస్తుందన్నదే కీలకం. ఈస్ట్ పొర మీద అమోనియంను, అంటే నీళ్ళలో అమోనియా ఉండే రూపాన్ని, లోపలికి లాగే ప్రొటీన్లు మూడున్నాయి, వాటి పేర్లు మెప్1, మెప్2, మెప్3. వీటిలో మెప్2 లీటరుకు 1 నుంచి 2 మైక్రోమోల్ అమోనియం ఉన్నా సగం సామర్థ్యంతో పని చేసేస్తుంది. 2 మైక్రోమోల్ అంటే లీటరు నీళ్ళలో 0.03 మిల్లీగ్రాముల నత్రజని కూడా కాదు. వైన్ తయారీలో కనీసం ఉండాలని చెప్పుకునే 140 మిల్లీగ్రాములు దీనికి కొన్ని వేల రెట్లు. అంటే మామూలుగా మనం చూసే ద్రావణాల్లో, మరీ పేదవాటిలో కూడా, నత్రజని ఆ వంపు దాటి చాలా పైనే ఉంటుంది.

దీని ఫలితం ఎలా కనిపిస్తుందంటే, నాలుగు ఫ్లాస్కులు తీసుకుని అన్నిటిలో గ్లూకోజు, విటమిన్లు, లవణాలు సమంగా పుష్కలంగా వేసి, అమోనియం రూపంలో నత్రజని మాత్రం లీటరుకు 25, 50, 100, 200 మిల్లీగ్రాములుగా మార్చారనుకోండి. మొదటి కొన్ని గంటలు నాలుగింటిలోనూ ఈస్ట్ దాదాపు ఒకే వేగంతో రెట్టింపవుతూ పోతుంది, గ్రాఫు గీస్తే నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. తర్వాత 25 ఉన్న ఫ్లాస్కు ముందుగా పక్కకు వంగుతుంది, ఒక రెట్టింపు తర్వాత 50ది, ఇంకో రెట్టింపు తర్వాత 100ది. ఇక్కడ కణం నెమ్మదిగా నడిచి వెనకబడలేదు, అన్నీ ఒకే వేగంతో పరిగెత్తి ఒక్కొక్కటి ఒక్కో చోట ఆగాయి. చివర్లో తూకం వేసిన వాళ్ళు మాత్రం 200 ఫ్లాస్కులో ఈస్ట్ వేగంగా పెరిగిందని రాసుకుంటారు. చివరి తూకాన్ని వేగం అనుకోవడం దగ్గరే కాలేజీ ప్రాజెక్టుల దగ్గర్నుంచి ఫ్యాక్టరీ రిపోర్టుల దాకా తప్పు జరుగుతుంది.

లెక్క కూడా తేలికే. కణంలో నత్రజని 8 శాతం అనుకుంటే 100 మిల్లీగ్రాముల నత్రజని నుంచి 1.25 గ్రాముల పొడి ఈస్ట్ వస్తుంది. నిజంగా తూస్తే దానికంటే ఎక్కువే వస్తుంది, ఎందుకంటే నత్రజని అయిపోతున్నప్పుడు ఈస్ట్ ఉన్నదాన్ని సాగదీసి వాడుకుంటుంది. ప్రొటీన్ తగ్గించుకుని, బయట ఇంకా మిగిలిన చక్కెరను గ్లైకోజన్‌గా, ట్రిహలోజ్‌గా, అంటే నిల్వ పిండిపదార్థాలుగా, లోపల నింపుకుంటుంది. బరువు పెరుగుతుంది గానీ ఆ బరువులో పని చేసే యంత్రాంగం వాటా తగ్గిపోతుంది. కాబట్టి పొడి బరువు ఒక్కటే చూసి ఈస్ట్ బాగుందని చెప్పడానికి లేదు.

మరి నత్రజని పరిమాణం వేగాన్ని నిజంగా శాసించే పరిస్థితే ఉండదా అంటే, ఉంటుంది. 1950లో పారిస్‌లో మొనో, షికాగోలో నోవిక్, సిలార్డ్ విడివిడిగా ఒకే పరికరాన్ని తయారు చేశారు, దాన్నే కీమోస్టాట్ అంటారు. ఒక పాత్రలోకి కొత్త ద్రావణం చుక్కచుక్కగా వస్తుంటుంది, అంతే పరిమాణం రెండో వైపు నుంచి బయటికి పోతుంటుంది. వచ్చే ద్రావణంలో నత్రజని ఒక్కటే కొరతగా పెడితే, పాత్రలో నత్రజని దాదాపు కనిపించనంత తక్కువ స్థాయిలో నిలబడిపోతుంది, కణాలు ఆ చుక్కలు పడే వేగానికి తగ్గట్టే పెరుగుతాయి. చుక్కల వేగం పెంచితే పెరుగుదల వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. నత్రజని కొరతలో కణం ఎలా ప్రవర్తిస్తుందో తెలిసిన దాంట్లో చాలా భాగం ఈ పాత్ర నుంచి వచ్చిందే. ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన పనిలో ఈస్ట్‌ను ఇలా రకరకాల పోషకాల కొరతలో, రకరకాల వేగాల్లో పెంచి చూస్తే, నాలుగో వంతుకు పైగా జన్యువుల పనితీరు ఏ పోషకం కొరత అన్నదానితో సంబంధం లేకుండా పెరుగుదల వేగాన్ని బట్టే మారుతోందని తేలింది.

ఇప్పుడు రూపం సంగతి, ఆసక్తికరమైనదంతా ఇక్కడే ఉంది.

ల్యాబుల్లో ఈస్ట్‌కి పెట్టే తిండి రెండు రకాలు. ఒకటి వైపీడీ, అంటే 1 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 శాతం పెప్టోన్ (ముక్కలు చేసిన ప్రొటీన్), 2 శాతం గ్లూకోజు. ఇందులో అమైనో ఆమ్లాలు అన్నీ సిద్ధంగా దొరుకుతాయి, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈస్ట్ దాదాపు 90 నిమిషాలకు రెట్టింపవుతుంది. రెండోది కనీస ద్రావణం, ఇందులో నత్రజని కోసం లీటరుకు 5 గ్రాముల అమోనియం సల్ఫేట్ మాత్రమే వేస్తారు, అంటే నత్రజని లెక్కలో గ్రాముకు పైనే. కొదవేం లేదు. అయినా రెట్టింపవడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. కారణం స్పష్టమే, ఇరవై అమైనో ఆమ్లాలనూ అమోనియా నుంచి, చక్కెర నుంచి తానే వండుకోవాలి, ఆ వంటకు ఎంజైములు కావాలి, ఆ ఎంజైములు తయారు చేయడానికే కణం తన ప్రొటీన్‌లో కొంత ఖర్చు పెట్టాలి. ఇక అమోనియా కూడా లేకుండా ప్రొలీన్ ఒక్కటే ఇస్తే పెరుగుదల ఇంకా చాలా నెమ్మదిస్తుంది. నత్రజని పరిమాణం సమానంగా ఉన్నా సరే, ఇదే వరస.

అందుకే ఈస్ట్ నత్రజని వనరుల్లో మంచివి, నాసివి అని రెండు తరగతులున్నాయి. గ్లుటమిన్, ఆస్పరాజిన్, చాలా ఈస్ట్ రకాలకు అమోనియం కూడా, మంచి తరగతి. ప్రొలీన్, యూరియా, అలంటాయిన్ లాంటివి నాసి తరగతి. మంచిది దొరుకుతున్నంతసేపు ఈస్ట్ నాసిదాని వంక చూడదు, చూసే ఏర్పాటునే మూసేస్తుంది. నాసి వనరులను వాడే జన్యువులను తెరిచే గ్లన్3, గ్యాట్1 అనే ప్రొటీన్లను యూర్2 అనే ఇంకో ప్రొటీన్ పని చేయనివ్వదు. కణం పొర మీద గ్యాప్1 అనే ద్వారం ఉంటుంది, ఏ అమైనో ఆమ్లాన్నయినా లోపలికి రానిచ్చే ద్వారం. నాసి తిండి మీద ఉన్నప్పుడు అది పొర నిండా ఉంటుంది, అమోనియం తగిలిన కాసేపటికే దాన్ని పొర నుంచి లోపలికి లాగి కోశికలో, అంటే కణం లోపల నిల్వకూ అరిగించడానికీ ఉండే వాక్యువోల్ అనే గదిలో, ముక్కలు చేసేస్తుంది. ఇంత తెగింపు ఎందుకంటే, అక్కరలేని ద్వారాలు నిలబెట్టుకోవడం కూడా ప్రొటీన్ ఖర్చే, ఆ ఖర్చు పెరుగుదలలోంచే కోత పడుతుంది. మంచిది అయిపోయి నాసిదానికి మారేటప్పుడు ఆ మూసిన ఏర్పాట్లన్నీ మళ్ళీ తెరవాలి కాబట్టి మధ్యలో వేగం పడిపోవడం కనిపిస్తుంది.

వేగానికీ నత్రజనికీ మధ్య అసలు లంకె రైబోజోములు. ప్రొటీన్లు తయారయ్యేది వీటి మీదే, వీటిలో ఉన్నది కూడా ప్రొటీనూ ఆర్‌ఎన్‌ఏనే, అంటే రెండూ నత్రజనితో కట్టినవే. వేగంగా పెరుగుతున్న ఒక్క ఈస్ట్ కణంలో సుమారు 2 లక్షల రైబోజోములుంటాయి. గంటన్నర, రెండు గంటల్లో కణం రెండవ్వాలంటే ఆ సంఖ్య కూడా రెండింతలవ్వాలి, అంటే నిమిషానికి 2,000 కొత్త రైబోజోములు. కణంలో జరిగే ఆర్‌ఎన్‌ఏ తయారీలో దాదాపు 60 శాతం రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ కోసమే. ఇంత పెద్ద పెట్టుబడి పెట్టేముందు కణం నత్రజని పరిస్థితి చూసుకోకుండా ఎలా ఉంటుంది?

చూసుకునే వ్యవస్థ పేరు టార్. ఈస్టర్ ద్వీపంలో తీసిన మట్టి నుంచి ఒక బ్యాక్టీరియా దొరికింది, అది తయారు చేసే మందు ర్యాపమైసిన్. ఆ మందు వేస్తే ఈస్ట్ పెరుగుదల ఆగిపోతోంది. ఎందుకు ఆగుతోందో వెతుకుతూ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో హైట్‌మన్, మువ్వా, హాల్ 1991లో ఆ మందు తగిలే జన్యువులను ఈస్ట్‌లోనే పట్టుకున్నారు, వాటికే టార్1, టార్2 అని పేరు పెట్టారు. ర్యాపమైసిన్ వేసిన ఈస్ట్ చుట్టూ తిండి పుష్కలంగా ఉన్నా నత్రజని అయిపోయినట్టే ప్రవర్తిస్తుంది, రైబోజోముల తయారీ ఆపేస్తుంది, నాసి వనరుల జన్యువులు తెరుస్తుంది, కణ విభజన ఆపుతుంది. అంటే నత్రజని కొరతలో పెరుగుదల ఆగడం ఇటుకలు అయిపోయి పని ఆగడం లాంటిది కాదు. కొరత వస్తోందని తెలిసి కణం తానే తీసుకునే నిర్ణయం అది. మనిషి కణాల్లోనూ ఇదే టార్ ఉంది, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ర్యాపమైసిన్‌ను మందుగా వాడతారు.

నత్రజని నిజంగా అయిపోయాక జరిగేది కూడా వరసగా, పద్ధతిగా జరుగుతుంది. ముందు కోశికలో దాచుకున్న ఆర్జినిన్ బయటికి తీస్తుంది. ఆర్జినిన్ ఒక్కో అణువులో నాలుగు నత్రజని పరమాణువులుంటాయి, దాచుకోవడానికి అంతకన్నా అనువైన అమైనో ఆమ్లం లేదు. బయట సున్నా అయ్యాక కూడా ఈ నిల్వతో కొంత పెరుగుదల సాగుతుంది, అందుకే బయటి నత్రజని కొలత సున్నాకు పడిన క్షణమే పెరుగుదల ఆగదు. ఈస్ట్ కణం మొగ్గ వేసి రెండవుతుంది. మొగ్గ వేయడం మొదలుపెట్టిన కణాలు దాన్ని పూర్తి చేస్తాయి, కొత్త మొగ్గ మాత్రం వేయవు. లీలాండ్ హార్ట్‌వెల్ ‘స్టార్ట్’ అని పేరు పెట్టిన ఒక గీత ఉంది, ఆ గీత దాటిన కణం విభజన పూర్తి చేయాల్సిందే, దాటనిది ఆగి వేచి చూడొచ్చు. నత్రజని లేని కణాలు ఆ గీతకు ముందే ఆగిపోతాయి. మైక్రోస్కోపులో చూస్తే మొగ్గలున్న కణాలు తగ్గిపోయి గుండ్రటి ఒంటి కణాలే ఎక్కువగా కనిపించడం నత్రజని అయిపోయిందనడానికి మంచి గుర్తు, దీనికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు.

ఆ తర్వాత కణం తన సొంత సామానే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. జపాన్‌లో యోషినోరి ఒసుమి టోక్యో విశ్వవిద్యాలయంలో 1988లో సొంతంగా చిన్న ల్యాబు పెట్టుకుని చేసిన మొదటి పనుల్లో ఒకటి ఇదే. కోశికలో ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైములు లేని ఈస్ట్ రకాన్ని తీసుకుని, నత్రజని లేని ద్రావణంలో వేసి, మామూలు మైక్రోస్కోపులో చూశారు. కొన్ని గంటల్లో కోశిక నిండా చిన్నచిన్న సంచులు చేరి అటూ ఇటూ కదులుతూ కనిపించాయి. కణం తన లోపలి పదార్థాన్ని సంచుల్లో కట్టి కోశికలోకి పంపిస్తోంది, అక్కడ కరిగించే ఎంజైములు లేకపోవడంతో సంచులు పేరుకుపోయి కంటికి కనిపించాయి. ఆటోఫజీ అనే ఆ ప్రక్రియను నడిపే జన్యువులను తర్వాత వరసగా పట్టుకున్నందుకు ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. నత్రజని తీసేయడం అన్న ఒక్క చిన్న పని లేకపోతే ఆ సంచులు కనిపించేవే కావు.

ఇక జంట క్రోమోజోములున్న ఈస్ట్ అయితే, నత్రజని లేక, పైగా చక్కెర కూడా లేక అసిటేట్ లాంటిదే మిగిలితే స్పోర్లుగా, అంటే గట్టి గోడలున్న నిద్రాణ కణాలుగా, మారి కూర్చుంటుంది. చక్కెర ఉండి నత్రజని కొద్దిగా మాత్రమే ఉంటే కణాలు పొడుగ్గా మారి, విడిపోకుండా గొలుసులుగా సాగి, గట్టి మాధ్యమంలోకి చొచ్చుకుపోతాయి, నత్రజని ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు. దీన్ని 1992లో అమెరికాలో గిమెనో, ల్యుంగ్‌డాల్, స్టైల్స్, ఫింక్ వివరంగా చూపించారు.

ఇదంతా ల్యాబు దాటి బయటికొచ్చేసరికి ఎవరికి ఏం కావాలన్నదాన్ని బట్టి నత్రజని లెక్క మారిపోతుంది. బేకరీ ఈస్ట్ ఫ్యాక్టరీకి కావాల్సింది ఈస్టే, పెరుగుదలే వాళ్ళ సరుకు. వాళ్ళు వాడే మొలాసిస్‌లో, అంటే పంచదార తీశాక మిగిలే మడ్డిలో, చక్కెర దండిగా, పనికొచ్చే నత్రజని తక్కువగా ఉంటుంది కాబట్టి అమోనియా గానీ అమోనియం లవణాలు గానీ కలుపుతారు. అయితే ఒకేసారి పోయరు. గాలి బాగా కొడుతూ, మొలాసిస్‌నూ నత్రజనినీ కొంచెం కొంచెంగా వదులుతూ పోతారు, ఎందుకంటే తిండి ఒక్కసారిగా ఎక్కువైతే ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేసి దిగుబడి పడగొడుతుంది. చివరి దశలో ఇంకో కిటుకు ఉంది. మొలాసిస్ ఇంకా వస్తుండగానే నత్రజని ముందుగా ఆపేస్తారు. కణాలు వేసిన మొగ్గలు పూర్తి చేసుకుని, కొత్తవి వేయకుండా ఆగి, లోపల ట్రిహలోజ్ నింపుకుంటాయి. ఎండబెట్టినప్పుడు కణం పొరలనూ ప్రొటీన్లనూ కాపాడేది ఈ ట్రిహలోజే. కిరాణా షాపులో దొరికే డ్రై ఈస్ట్ ప్యాకెట్ నెలల తరబడి బతికి ఉండటానికి ఒక కారణం చివర్లో దానికి నత్రజని అందకుండా చేయడమే. ప్రొటీన్ మరీ ఎక్కువున్న ఈస్ట్ పిండిని చురుగ్గా పొంగిస్తుంది గానీ నిల్వకు ఆగదు.

డిస్టిలరీ వాళ్ళకు కావాల్సింది దీనికి తిరగబడినది. ఈస్ట్ పెరగడానికి ఖర్చయిన చక్కెర ఆల్కహాల్ కాకుండా పోయినట్టే. అలాగని పెరుగుదల లేకపోతే ట్యాంకును పులియబెట్టే సైన్యమే ఉండదు. చెరకు మొలాసిస్‌తో నడిచే చోట యూరియా, డీఏపీ (డైఅమోనియం ఫాస్ఫేట్) కొంత వేయడం మామూలే. నూకలు, మొక్కజొన్నలతో ఇథనాల్ తీసే యూనిట్లు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి, ఆ గింజల్లో ప్రొటీన్ రూపంలో నత్రజని ఉంటుంది గానీ ఈస్ట్ పెద్ద ప్రొటీన్లను బయట ముక్కలు చేసుకోలేదు. అందుకే ప్రొటీన్‌ను కోసే ఎంజైము గానీ యూరియా గానీ కలపాల్సి వస్తుంది. గింజలో ప్రొటీన్ శాతం చూసి నత్రజనికి లోటు లేదనుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు. యూరియాలో నత్రజని 46 శాతం, డీఏపీ బస్తా మీద రాసే 18-46-0లో మొదటి అంకె నత్రజని, శుద్ధమైన డీఏపీలో అయితే 21 శాతం. ఈస్ట్‌కి యూరియా వాడుకోవాలంటే బయోటిన్ అనే విటమిన్ కావాలి, దాన్ని విడగొట్టే ఎంజైము బయోటిన్ లేకుండా పని చేయదు, అమోనియాకు ఆ ఇబ్బంది లేదు. ఇంకో తేడా కూడా ఉంది. యూరియా ఆల్కహాల్‌తో కలిసి ఇథైల్ కార్బమేట్ అనే, క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థంగా మారుతుంది. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి అది పట్టింపు కాదు, తాగే సరుకులో మాత్రం యూరియా వేయకూడదు.

నత్రజని గురించి అందరికన్నా ఎక్కువ టెన్షన్ పడేది వైన్ వాళ్ళు, దానికి తగిన కారణమే ఉంది. ద్రాక్ష రసంలో ఈస్ట్ వాడుకోగల నత్రజని తోటను బట్టి, ఏడాదిని బట్టి లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు నుంచి 500 దాకా ఉండొచ్చు. ద్రాక్షలో ఎక్కువగా ఉండే అమైనో ఆమ్లాలు ఆర్జినిన్, ప్రొలీన్. ప్రొలీన్‌ను విడగొట్టే మొదటి మెట్టు కణానికి శక్తి తయారు చేసే మైటోకాండ్రియాలో, ఆక్సిజన్ ఉంటేనే జరుగుతుంది. గాలి లేని వైన్ ట్యాంకులో అది జరగదు, ప్రొలీన్ దాదాపు మొత్తం వైన్‌లోనే మిగిలిపోతుంది. అందుకే మొత్తం నత్రజని కొలిచి లాభం లేదు, ప్రొలీన్ తీసేసి లెక్క వేయాలి. ఆ లెక్కలో 140 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే పులియడం మందగించే, మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉందని చెబుతారు, చక్కెర ఎక్కువున్న రసానికి అంతకన్నా ఎక్కువే కావాలి.

వేగం వేరు, దిగుబడి వేరు అని పైన చెప్పిన తేడా ఇక్కడే మళ్ళీ అక్కరకొస్తుంది. 60 మిల్లీగ్రాములున్న ట్యాంకు నెమ్మదిగా పులుస్తుంటే ఒక్కో కణం నెమ్మదిగా పెరిగిందని కాదు, ముఖ్యంగా కణాల సంఖ్యే తక్కువని అర్థం. పైగా లీటరుకు 200 గ్రాముల చక్కెర ఉన్న రసంలో నత్రజని మొదట్లోనే అయిపోతుంది, మిగిలిన చక్కెరలో అధిక భాగాన్ని పెరగడం ఆపేసిన కణాలే పులియబెట్టాలి. వాటికి చక్కెరను లోపలికి లాగే ద్వారాలు ఉంటాయి, అవీ ప్రొటీన్లే, పాడైనవాటి చోట కొత్తవి పెట్టాలంటే నత్రజని కావాలి. అది లేక ద్వారాలు ఒక్కొక్కటీ పోతూ, ఆల్కహాల్ పెరుగుతూ, చివరికి చక్కెర మిగిలి ఉండగానే ట్యాంకు చల్లబడిపోతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా ఈ కొరత నుంచే వస్తుంది. ఈస్ట్ సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చి, దాన్ని ఒక నత్రజని ఉన్న అణువుకు అతికించి మెథియోనిన్ చేసుకోవాలి. అతికించడానికి ఆ అణువు లేకపోతే సల్ఫైడ్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటికి పోతుంది.

ఈ కొరతకు విరుగుడు డీఏపీ. లీటరుకు 100 మిల్లీగ్రాముల డీఏపీ వేస్తే 21 మిల్లీగ్రాముల నత్రజని చేరుతుంది. 60 ఉన్నదాన్ని 140కి తేవాలంటే 1,000 లీటర్ల ట్యాంకుకు సుమారు 380 గ్రాములు. తూకం కన్నా ఎప్పుడు వేస్తున్నామన్నది ముఖ్యం. అంతా మొదట్లోనే వేస్తే కణాల సంఖ్య పెరుగుతుంది, ట్యాంకు ఒక్కసారిగా వేడెక్కుతుంది, ఆ పెద్ద జనాభాకి మళ్ళీ చివర్లో కొరతే. చక్కెరలో మూడో వంతు అయిపోయిన దగ్గర వేస్తే కొత్త కణాలు పెద్దగా రావు గానీ, ఉన్న కణాలు చక్కెర ద్వారాలను మళ్ళీ కట్టుకుని వేగం పుంజుకుంటాయి. అందుకే రెండు విడతలుగా వేయమంటారు. ఆల్కహాల్ బాగా పెరిగాక వేయడం మాత్రం దండగ. అప్పటికి కణం పొర కారుతుంటుంది, అమైనో ఆమ్లాలను లోపలికి లాగడానికి పొరకు లోపలా బయటా ఉండాల్సిన ప్రోటాన్ల తేడాను నిలబెట్టుకోవడం దానికి కష్టమైపోతుంది. అప్పుడు వేసిన నత్రజని ఈస్ట్ లోపలికి వెళ్ళకుండా వైన్‌లోనే ఉండిపోతుంది, తర్వాత పీపాలో చేరి వైన్‌ను చెడగొట్టే బ్రెట్టనోమైసెస్ లాంటి ఈస్టులకు, బ్యాక్టీరియాకు తిండి అవుతుంది.